అంకుల్ కోసం ప్రార్థన

అమ్మకు ప్రభువు పేరిట వందనాలు. నీ అల్లుడి గురించి బెంగపడకు. ఆయన నడిపే యూత్ మీటింగుకి పిల్లలు రావడం మానేస్తున్నారని రాశాను కదా. మొన్న ఆయన ప్రసంగం పక్కనపెట్టి, "ఇవాళ మీరే నా కోసం ప్రార్థన చెయ్యండి" అన్నారు. తల్లి పోయినప్పటినుంచి నోరు విప్పని అమ్మాయి లేచి, "ప్రభువా, అంకుల్ కాస్త తక్కువ మాట్లాడేలా చెయ్యి" అంది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయన మాత్రం అందరికంటే గట్టిగా "ఆమెన్" అన్నారు! ఆ తర్వాత ఆ పిల్ల వాళ్ళమ్మ గురించి చెబుతూనే ఉంది. ఈయన నోరు మెదిపితే ఒట్టు.

అటక మీది క్యారమ్ బోర్డు తమ్ముడితో పంపించు, పిల్లలు అడుగుతున్నారు. నీ మోకాలు ఎలా ఉంది? నాన్నకు మా వందనాలు.

అన్నట్టు, నిన్న భోజనాల దగ్గర ఆయన "ఇవాళ నువ్వు చెప్పు, నేను వింటాను" అన్నారు. ఏం చెప్పాలో నాకే తోచలేదమ్మా.