తొట్టి కట్టిన బండి

దోర్నపాల్, శనివారం

సుశీలక్కకు, నేను క్షేమం. ఫోన్లో నీకు సరిగా వినబడదని కార్డు రాస్తున్నాను.

నాన్న మోటార్ సైకిలుకు మూడో చక్రం పెట్టి, పక్కన రోగి పడుకునే తొట్టి వెల్డింగ్ చేయించాను కదా. మొన్న మొదటిసారి దూరం పోయి, చింతలనార్ నుంచి నొప్పులు పడుతున్న ముయె అనే ఆమెను ఇక్కడి ఆసుపత్రికి తీసుకొచ్చాను. పోయేటప్పుడు బాగానే నడిచింది. ఆమె పడుకున్నాక బండంతా తొట్టి వైపే లాగింది, నా భుజాలు పడిపోయాయి. గుంత వచ్చినప్పుడల్లా ఆమె అరిచేది. వెనక కూర్చున్న ఆమె భర్త హుంగా ఒకసారి "మెల్లగ పోనీ భయ్యా" అనేవాడు, అంతలోనే "జల్దీ పోనీ" అనేవాడు.

తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు. కుదుపుల వల్లేనా అని అడిగితే, "కాదు, తేకపోతే తల్లి కూడా పోయేది" అంది డాక్టరమ్మ. అయినా నాకు అన్నం సయించడం లేదు. తొట్టి కోయించేద్దామనుకున్నాను.

నీ దగ్గరున్న పాత దూది పరుపు కోంట బస్సులో వేయించు. బావ మోకాలు ఎట్లా ఉంది? వంటింటి రేకులు ఇంకా కురుస్తున్నాయా?

తొట్టిలో పరవాలి, పరుపు ఆలస్యం చేయకు. నిన్న హుంగా వచ్చి, "తొట్టి తియ్యకు భయ్యా, మా వదినెకు గూడ నెలలు నిండినయ్" అన్నాడు. తియ్యనని చెప్పాను.

పిల్లలు చల్లగా ఉండాలి.

నీ తమ్ముడు,
శ్రీహరి