సీటు కోసం విసిరిన సంచి

ప్రేమా, ప్రభువు దయవల్ల ఢిల్లీలో క్షేమంగానే ఉన్నాను. మన అమ్మాయి జెస్సీ నీకు ఏం చెప్పిందో గానీ కంగారు పడకు. నా ఫోను సంచిలో ఉంది, సంచి పోలీసుల దగ్గరుంది. జెస్సీ కోపంతో తన ఫోను ఇవ్వడం లేదు. అందుకే ఈ కార్డు.

నిన్న పొద్దున జెస్సీ నన్ను విమానాశ్రయం దగ్గరున్న తన గదికి మెట్రో రైల్లో బయల్దేరదీసింది. జనాన్ని చూసి, మన మాచర్ల బస్సులో వేసినట్టే ప్లాట్‌ఫాం మీంచే సీటు మీదకి సంచి విసిరాను. తలుపులు వాటంతటవే మూసుకుని రైలు వెళ్లిపోయింది! "ఏంది నాన్నా ఈ పని! బాంబనుకుంటారు!" అని జెస్సీ నెత్తి కొట్టుకుంది. అన్నంత పనీ అయింది. తర్వాతి స్టేషన్లో రైలంతా ఖాళీ చేయించారు, మమ్మల్నీ అక్కడికి తీసుకెళ్లారు. పోలీసు కుక్క నువ్వు కట్టిచ్చిన కారం వాసనకి ఆగకుండా తుమ్మింది. విమానాలు తప్పిపోయినవాళ్ల ముఖాలు ఇంకా కళ్లముందే ఉన్నాయి.

కారం మళ్లీ పట్టించు. బర్రె ఈనిందా? ఊళ్లో ఎవరికీ చెప్పకు. పోస్ట్‌మ్యాన్ ఈ కార్డు చదివేసి ఉంటే అతన్నీ బతిమాలు. దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

ఒకటి మాత్రం చెప్పాలి. పోలీసులు నన్ను రైలు పెట్టెలోకి తీసుకెళ్లేసరికి సంచి ఆ సీటు మీదే ఉంది. ఎవ్వరూ కూర్చోలేదు.

నీ కృపానందం