నాయన గోళ్లు నీలమయ్యాయి

మంగళవారం, ఆత్మకూరు

నాయన గొంతులో కఫం లాగే మిషన్‌ను కాంపౌండర్ ఇవాళ ఫుల్లుగా తిప్పి, గొట్టం లోపలే ఉంచి ఎవరితోనో కబుర్లాడాడు. చూస్తుండగానే నాయన పెదాలు, గోళ్లు నీలమయ్యాయి. నర్సమ్మ పరుగున వచ్చి గొట్టం లాగేసింది.

“ఏందయ్యా, అంత జోరుగా పెడితే కఫంతోపాటు గాలి కూడా లాగేస్తాది!”

“సచ్చినాడా ఏంది, ఉండాడు కదమ్మా,” అని నవ్వాడు వాడు.

వాడి ముక్కూ నోరూ గట్టిగా మూసి, గోళ్లు నీలమయ్యేదాకా పట్టుకోవాలనిపించింది. డాక్టర్‌కు చెబుతానని నర్సమ్మతో మెల్లగా అన్నాను.

“వాడు డాక్టర్‌కి బామ్మర్ది, అబ్బయ్యా. రేపు మీ నాయనకి గొట్టం వేసేది కూడా వాడే.”

నాయన ఈ గొట్టం అవసరం లేకుండా సొంతంగా ఊపిరి తీసుకున్న రోజు వాడి సంగతి చూస్తాను. అందాకా పొద్దున్నే వాడికి నమస్కారం పెట్టాలి.