పొడపత్రి సీసా నా సంచిలో ఉంది

ఇల్లాలికి,

ఫలహారం చేశాకే మాత్ర వేసుకో. చక్కెర జబ్బుకని నువ్వు తాగే ఆ పొడపత్రి ఆకు రసం మాత్రం తాగకు. సీసా కోసం ఇల్లంతా గాలించకు. డాక్టరుగారికి చూపడానికి నేనే తీసుకువెళుతున్నాను. మాత్రకు ఆ రసం తోడైతే రక్తంలో చక్కెర మరీ పడిపోవచ్చునని ఆయన ఫోనులో చెప్పారు. నిన్న నీకు కళ్ళు తిరిగింది అందువల్లనే కావచ్చు.

అన్నట్టు, నిన్న నేనిచ్చినవి చిక్కటి పంచదార నీళ్ళే. తాగి లేచి కూర్చుని, "చప్పిడి నీళ్ళిస్తారేమిటండీ? పంచదార దగ్గర కూడా పిసినారితనమేనా?" అని కసిరావు. ఆ రసం తాగాక కాసేపు నాలుకకు తీపి తెలియదట. నా నిర్దోషిత్వానికి భగవంతుడొక సాక్షి, ఖాళీ అయిన పంచదార డబ్బా రెండో సాక్షి.

వచ్చేటప్పుడు పంచదార తెస్తాను.

మరిచాను: నువ్వలా కసిరిన తరువాతనే నా ప్రాణం కుదుటపడింది.