మరుపు బాబాయ్ సాక్ష్యం

మార్చి 9, సోమవారం

చిరంజీవి తమ్ముడికి,

అక్క మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ మేమంతా కులాసా, ఊడినవి ఉద్యోగాలు మాత్రమే. నువ్వు వేళకి తింటున్నావనీ, నీ దగ్గు తగ్గిందనీ అనుకుంటాను. తగ్గకపోతే అబద్ధమైనా సరే తగ్గిందనే రాయి, నాకు నిద్ర పడుతుంది.

లారీ డ్రైవర్ తెచ్చిన నీ ఉత్తరం చదివి ఒళ్ళు మండింది. నాటకం రాసి అందరినీ చిక్కుల్లో పడేశావట. వచ్చి లొంగిపోతావట. రాసినవాడు దొరికితే మిగతావాళ్ళని వదిలేస్తారట. ఎవడు చెప్పాడ్రా నీకు? ఊరి గిడ్డంగి కాలింది ద్రోహుల పని కాదు, పాత వైర్ల వల్లేనని చెప్పిన ఎలక్ట్రీషియన్ పేరే కదా దేశద్రోహుల జాబితాలో మొదట ఎక్కింది! ఆయన్ని పట్టుకున్నాక ఆగారా? ఆయనకి టీ పోసినవాళ్ళ ఇంటికి వెళ్ళారు. నీ నాటకంలో ఊరిపెద్ద చేసిందీ అదేగా. నదిలో చేపలు చచ్చిపోతే ఎవరో చేతబడి చేశారని ఇల్లిల్లూ గాలించాడు, దొరికిన ప్రతివాణ్ణీ ఇంకో పేరు చెప్పమన్నాడు. రాసినవాడివి నువ్వే మర్చిపోతే ఎలా?

లొంగిపోయే సంగతి కాసేపు పక్కన పెట్టి, మొన్న గురువారం ఏం జరిగిందో చదువు.

విచారణ సంఘం, స్టేజీ ఎక్కితే మాటలు మర్చిపోయే మన మరుపు బాబాయ్‌ని పిలిచింది. నాటకాన్ని నిషేధించారు గానీ, పేరు వెయ్యకుండా ఆడాం కాబట్టి రాసిందెవరో వాళ్ళకి ఇంకా అంతుబట్టలేదు. మన బృందంలో నోరు విప్పేవాడు ఎవడా అని చూసి, అందరికన్నా పిరికివాణ్ణి ఎంచుకున్నారు. పిన్ని ఏడాదిగా మంచం మీదుందని వాళ్ళకి తెలుసు. థియేటర్ వాళ్ళిచ్చిన రెండు గదులు తప్ప ఆ ఇద్దరికీ వేరే నీడ లేదనీ తెలుసు. పేరు చెప్తే గదులుంటాయి, లేకపోతే సామాను వీధిలో ఉంటుందని ముందురోజే కబురు పెట్టారు. వేషం వేసే ముందే కాళ్ళు వణికే మనిషి కదా, నేను ఆశలు వదిలేసుకున్నాను. ఆ మాట ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

విచారణ టౌన్ హాల్లో. కుర్చీలు చాలక మన థియేటర్ కుర్చీలే పట్టుకెళ్ళి వేశారు, చిరిగిన సీట్లతో సహా. ఇరవై రెండేళ్ళు తెర చాటున ఎడమవైపు కూర్చుని నటులకి మాటలందించినదాన్ని కదా, అక్కడా అలవాటుగా ముందు వరసలో ఎడమ పక్కనే కూర్చున్నాను. హాలు నిండిపోయింది. సగం మంది మన నాటకం చూసినవాళ్ళే.

అధ్యక్షుడు మర్యాదగానే మొదలుపెట్టాడు. పెద్దవారు, మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం మాకిష్టం లేదు, ఆ నాటకం రాసినవాడి పేరొక్కటి చెప్పి ఇంటికి వెళ్ళిపోండి అన్నాడు. బాబాయ్ మెడ తుడుచుకున్నాడు. అధ్యక్షుడు మళ్ళీ అడిగాడు. బాబాయ్ నోరు తెరిచి, తల తిప్పి నావైపు చూశాడు.

ఆ చూపు నాకు తెలియంది కాదు. ఇరవై రెండేళ్ళలో ఆ చూపుకి అర్థం ఒక్కటే, మాట పోయింది, అందించమని. అది థియేటర్ కాదు, విచారణ అని బుర్రకి తట్టేలోపే నా నోరు తన పని తాను చేసేసింది. పడవెక్కినోళ్ళ పేర్లు, అని గొంతు తగ్గించి అందించేశాను.

బాబాయ్ నన్ను అలాగే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత నిటారుగా నిలబడ్డాడు. తెడ్డు పట్టుకున్నట్టు చెయ్యి పైకి లేచింది. ఊరొదిలి పారిపోయేవాళ్ళని నది దాటించే నీ పడవవాడి గొంతుతో, పడవెక్కినోళ్ళ పేర్లు నేనడగనయ్యా, ఈతొచ్చా అని మాత్రం అడుగుతా అన్నాడు. ముప్ఫై ఆటల్లో ఆ మాట ఏ రోజూ అంత బాగా చెప్పలేదు. ఒక్క అక్షరం పోలేదు.

వెనక ఎవరో నవ్వాపుకోలేకపోయారు. ఆ తర్వాత హాలంతా నవ్వింది. అధ్యక్షుడు మొహం జేవురించి, బల్ల మీద గుద్ది, నవ్వినవాళ్ళ పేర్లు రాసుకోండి అని అరిచాడు.

ఒరే, అది నీ ఊరిపెద్ద రెండో అంకం చివర అనే మాట! అక్షరం తేడా లేదు. పాపం అధ్యక్షుడు నాటకం చూడకుండానే నిషేధించాడు, ఆయనకెలా తెలుస్తుంది? అప్పుడు చూడాలి హాలుని. బేకరీ ఆవిడ లేచి, ముందు నాది రాసుకోండి, ఇంటికెళ్ళి రొట్టెలు కాల్చుకోవాలి అంది. గుమాస్తా కలం తీసినవాడు తీసినట్టే బల్ల కిందికి వంగాడు. ఏదో పడిపోయినట్టు నటించాడు గానీ, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. విచారణ వాయిదా వేశారు. నీ పేరు ఏ కాగితం మీదా పడలేదు.

మర్నాడే బాబాయ్ గదులు పోయాయి, నా ఉద్యోగమూ పోయింది. వాళ్ళిద్దరూ ఇప్పుడు మనింట్లోనే ఉన్నారు. పిన్ని నీ మంచం మీద పడుకుని, నీ పరుపు గట్టిదని రోజూ నిన్ను తిడుతోంది. బజారుకి వెళ్తే చేపలమ్మే ఆవిడ నన్ను చూసి, ఏమ్మా, ఈతొచ్చా అంది. బస్సులో ఇద్దరు ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా అలాగే పలకరించుకున్నారు. నాటకం ఆపారు గానీ, అది ఇప్పుడు వీధిలో ఆడుతోంది. దాన్ని రాసింది నా తమ్ముడని ఎవరికీ చెప్పుకోలేను గానీ, నాకు గర్వంతో కడుపు నిండిపోతోందిరా. నువ్వొచ్చి లొంగిపోతే బాబాయ్ వదులుకున్నదంతా బూడిదలో పోసినట్టే. కదలకుండా అక్కడే ఉండి ఇంకోటి రాయి.

ఉద్యోగం పోయినా తల దించని
నీ అక్క

తా.క. పోస్టులో వేస్తే విప్పి చదువుతున్నారు కాబట్టి ఇది మనిషి చేత పంపుతున్నాను. ఇంకొక్కటి నీకు తెలియాలి. గురువారం బాబాయ్ ఏ మాటా మర్చిపోలేదు. నీ పేరు చెప్పెయ్యడానికే నోరు తెరిచాడట. చెప్పేముందు నన్ను క్షమాపణ అడుగుదామని నావైపు తిరిగాడట. నేనేమో మరుపనుకున్నాను. నిన్న ఆయనే చెప్పి వెక్కి వెక్కి ఏడ్చాడు, నీకు దాచకుండా రాయమన్నాడు. అయినా ఆయన్ని చూసి నా గర్వం రవ్వంత కూడా తగ్గలేదు. నేను అందించింది రెండు మాటలే. పెదవుల దాకా వచ్చిన నీ పేరు మింగేసి, పిన్ని తల మీది కప్పు పోతుందని తెలిసీ ఆ మాట అన్నది ఆయన. ఈ ఉత్తరం తెచ్చిందీ ఆయనే. దీన్ని తలుపు కింద నుంచి తోసి, నువ్వు చదివి పిలిచేదాకా గడప తొక్కనని, మెట్ల మీదే కూర్చుంటానని పట్టుబట్టాడు. వెళ్ళి తలుపు తియ్యి.