నీ కారుకు రిమోట్ తాళం

బాపూ,

నువ్వు పోయాక నీ పాత కారును అమ్మేద్దామంది అవ్వ. శ్రీరాంపూర్ క్వార్టర్ ముందు దాన్ని రోజూ చూడటం ఆమెకు కష్టమైంది. నేను ఆగమన్నాను. నువ్వు కావాలనుకున్న రిమోట్ తాళం నేనే తయారుచేశాను. తలుపులకు చిన్న మోటార్లు బిగించి, అలారం తీగను హారన్‌కు కలిపాను.

ఈరోజు అవ్వతో బటన్ నొక్కించాను. నాలుగు తలుపులకూ ఒక్కసారే తాళం పడింది గానీ, హారన్ మోగుతూనే ఉంది. ఇరుగుపొరుగు వాళ్లంతా బయటికొచ్చారు.

"బంద్ చెయ్యి బిడ్డా, కాలనీ అంతా పరేషానైతుంది!" అంటూ అవ్వ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో!

తీగ సరిచేశాక అవ్వ రిమోట్‌ను కొంగుకు ముడేసుకుంది. "కారు అమ్మొద్దు తియ్యి. రేపు బాసర పోదాం. నువ్వు తోలు, నేను ముంగట కూసుంట" అంది.

పొద్దున్నే బయలుదేరుతున్నాం బాపూ.