ఒకే మనిషి, రెండు కుర్చీలు

బుధవారం

నిన్న ఇక్కడ తప్పు రాశాను. 'పరిశీలనలో ఉంది' అన్నారంటే మన కాగితాన్ని ఎవరో చూస్తున్నారనుకున్నాను. ఇంకా ఎవరూ ముట్టుకోలేదని దాని అర్థమట. ఈ పూట కంకిపాడు తహసీల్దారు ఆఫీసులో తెలిసింది. మనవరాలి నివాస ధ్రువపత్రానికి విచారణ రిపోర్టు రావాలన్నాడు గుమాస్తా.

"రాసేదెవరు బాబూ?"

"నేనేనండీ. కానీ దరఖాస్తు పక్క సీటు నుంచి నాకు ఫార్వర్డ్ అవ్వాలండీ."

"ఆ సీట్లో ఎవరుంటారు?"

"ఇన్‌చార్జిని నేనేనండీ. మంగళ, గురువారాలు అక్కడ కూర్చుంటానండీ."

"అయితే లేచి, ఆ కుర్చీలో కూర్చుని, నీకు నువ్వే పంపుకో నాయనా."

"ఇవాళ బుధవారం కదా మామ్మగారూ!"

తిట్టడానికి కూడా ఓపిక లేక వచ్చేశాను. శుక్రవారం నర్సింగు కౌన్సెలింగు. ఈ కాగితం లేకపోతే సీటు ఇవ్వరు. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, ఈ ఊరిదాన్నేనని రుజువు చేసుకోలేక అన్నం మానేసి కూర్చుంది. రేపు అక్కడి నుంచి పంపించాక, ఇవాళ ఈ కుర్చీ రోజు కాదండీ అంటాడేమో...

పొద్దున మొదటి బస్సుకే ఇద్దరం వెళ్ళాలి. ముందు పిల్ల చేత దరఖాస్తు రెండు జెరాక్సులు తీయించాలి. ఆ కుర్చీకొకటి, ఈ కుర్చీకొకటి.